లో వోల్టేజీ ముక్కా, నా ఫుల్ వోల్టేజీ తెలివీ

ఒరే బావా, సన్నాసీ... పడతందా ఇది? ఫోన్లో ఎర్రసుక్క కనిపిత్తంది. అంటే పడతన్నట్టే. అందరూ ఇనండి. నానే, అప్పలసామిని. రెండ్రోజుల్నించి బెల్లం మార్కెట్టు కాడ టీకి రాలేదేటని అడిగేరంట కదా. రాయడం నాకొచ్చి సత్తే కదా, అందుకే బొటనేలితో నొక్కిపట్టుకుని సెప్తన్నాను. ఏలు జారిందంటే కట్టయిపోద్ది. కట్టయితే మళ్ళీ నొక్కుతాను, గాబరా పడకండి.

ముందు సివర సెప్పేత్తాను, తరవాత మొదలు సెప్తాను. నిన్న పొద్దున్న నాను మా ఇంట్లో ఫ్రిజ్జు స్టెబిలైజరు బుజానెట్టుకుని, ఆటో ఎక్కి, కంప్యూటర్లు బాగుసేసే షాపుకెల్లేను. ఆ స్టెబిలైజరు పాతకాలంది. ముందర ముల్లు తిరుగుతాది. సిన్న బెల్లం దిమ్మంత బరువు. అక్కడికెల్లేక తెలిసిందేటంటే, నాకు కావలసిన కరెంటు టార్చిలైట్లో ఏసే ఒక్క సెల్లంత కూడా కాదంట. నవ్వుకోండి. మా కోడలు సుజాత ఇంకా నవ్వుతానే ఉన్నాది. దోసెలేత్తా నవ్వుతన్నాది. ఆ దోసెలెందుకో కూడా సెప్తాను.

మా రత్నం పోయి వచ్చే శుక్రారానికి ఏడాది. సంవచ్చరీకానికి మిమ్మల్నందర్నీ పిలిసేను కదా. మా గోడ మీదున్న రత్నం ఫొటో మీరు సూసేరు. అది రేషను కార్డు కోసం తీయించింది. తీసినోడు కదలకమ్మా, నవ్వకమ్మా అన్నాడంట. మాయావిడ పళ్ళు బిగించి కూకున్నాది. ఆ మొగం సూత్తే ఎవల్నో తిట్టడానికి రెడీగున్నట్టుంటాది. ఎవల్నో ఏటి, నన్నే. పొద్దున్న లేత్తే ఆ సూపే. ఏడాది నించి ఆ ఫొటో కిందే కూకుని అన్నం తింటన్నాను. ఒక్కోరోజు ముద్ద దిగదు. నా మీద కోపంతోనే ఎల్లిపోనాదేమో అనిపిత్తాది.

అది అలాటి మనిసి కాదురా. మీకు తెలుసు కదా, నవ్విందంటే పక్క పొలంలో నాగలి ఆపి మరీ తిరిగి సూసేవోరు. ఆ నవ్వున్న ఫొటో ఒక్కటంటే ఒక్కటే ఉన్నాది. ఎనిమిదేళ్ళ కిందట పొలంలో మా అబ్బాయి రమణ తన ఫోన్లో తీసేడు. ఆ ఫోను పోనాది గానీ, పోకముందే ఫొటోలన్నీ లాప్‌టాప్‌లో ఏసేడంట. ఆ లాప్‌టాప్ బీరువాలో సీరల కింద పడుంది. దాన్ని తీసి, ఫొటో పెద్దది సేయించి, శుక్రారానికి గోడకి తగిలించాల. ఈ భూమ్మీద నాకున్న పని అదొక్కటే.

రమణ పరవాడలో మందుల కంపెనీకి పొద్దున్నే ఎల్లిపోతాడు. నాన్నా, ఆదివారం సూత్తానన్నాడు. శుక్రారం సంవచ్చరీకమైతే ఆదివారం సూత్తే ఏటి లాభం? నానే తీసి, తీగ తగిలించి, బొత్తాం నొక్కేను. తెర నల్లగా ఉన్నాది. లోపల్నించి కీక్, కీక్ అని కోడిపిల్ల అరిసినట్టు అరుపు. రమణకి ఫోన్ సేసి ఆ అరుపు ఇనిపించేను. వాడు ఇని, నాన్నా అది ర్యామ్ పోయినట్టుంది, చౌకు దగ్గర మణి షాపుంది, తీసుకెల్లి సూపించు, వేరేది ఏత్తారు అన్నాడు.

మణి అంటే మగోడనుకున్నాను. ఆడపిల్ల. ఆడపిల్లంటే నలబయ్యేళ్ళుంటాయి, కళ్ళద్దాలు, సేతిలో సిన్న స్క్రూడ్రైవరు. రమణతో సదువుకున్నాదంట. నన్ను పెదనాన్నా అని కూకోబెట్టింది. ఎందుకింత అర్జెంటు పెదనాన్నా అని అడిగింది. షాపునిండా కాలేజీ పిల్లలు. ముసలోడికి పెళ్ళాం ఫొటో పిచ్చేటని నవ్వుతారేమోనని, కోడలి స్కూలు పనమ్మా అనీసేను. ఈ అబద్దం గుర్తెట్టుకోండి. దీంతోనే మునిగేను.

ఆ అమ్మాయి లాప్‌టాప్ని బోర్లా తిప్పి, బ్యాటరీ లాగి, రెండు మరలిప్పి, సిన్న మూత తీసింది. అందులో ఒక ముక్కున్నాది. పచ్చగా, ఇరిగిపోయిన దువ్వెన ముక్కలాగ, కింద బంగారం రంగు పళ్ళు. రెండు పక్కలా కొక్కేలు. కొక్కేలు ఎడంగా లాగితే ముక్క పైకి లేత్తాది. నాను బాగా సూసేను. మన మోటారు స్టార్టరు పెట్టెకన్నా సులువు.

అద్దాల పెట్టెలోంచి అలాటివే రెండు ముక్కలు తీసింది. పక్కపక్కనెడితే కవల పిల్లల్లాగున్నాయి. పొడుగూ అదే, పళ్ళూ అవే, మధ్యలో నొక్కూ అక్కడే. ఒకటి పక్కకి నెట్టి, రెండోది నా సేతిలో ఎట్టి, అమ్మాయి ఏటన్నాదంటే, "పెదనాన్నా, మీ లాప్‌టాప్‌కి ఈ లో వోల్టేజీదే పడుతుంది."

లో వోల్టేజీ. ఆ మాట ఇంటే నాకు ఒళ్ళు మండిపోతాది.

ఎందుకంటే, ఎనిమిదేళ్ళ కిందట దేవరాపల్లి కాడ మా సెరుకు తోట ఎండిపోతంది. కరెంటొచ్చింది. బావి కాడ బల్బు గుమ్మడిపండు రంగులో ఎలుగుతంది. రత్నం అన్నాది, ఏటయ్యా, ఆ బల్బు మొగం సూడు, కరెంటు నీరసంగా ఉన్నాది, మోటారెయ్యకు అని. మోటార్ల సంగతి నువ్వు నాకు సెప్పేటంతదానివా అని ఏసీసేను. మోటారు గుర్రుమన్నాది. మూలిగింది. బుస్సుమని పొగొచ్చింది. ఏటైందోనని స్టార్టరు పెట్టెలో తలెట్టేను, అది నా మొగమ్మీదే పేలింది. మోటారు మాడిపోనాది. ఆ రోజు నించి లో వోల్టేజీ అంటే పామన్నంత బయ్యం నాకు.

మరి ఆ అమ్మాయి నా సేతిలో లో వోల్టేజీ ముక్కెడితే ఊరుకుంటానా? నలబయ్యేళ్ళు బెల్లం అమ్మినోణ్ణి. మంచి సరుకు అద్దాల పెట్టెలో ఎట్టుకుని, మెత్తబడిన దిమ్మ ముసలోడికి అంటగట్టే బేరం నాకు తెలీదేటి? రెండు ముక్కలూ అరిసేతుల్లో తూసేను. గోరుతో గీకి సూసేను. మణి కంగారుపడి, గీకకండి పెదనాన్నా అన్నాది. అదిగో, గీకితే సరుకు బయటపడిపోద్దని బయ్యం అనుకున్నాను. నాకు ఫుల్ వోల్టేజీదే కావాలమ్మా అన్నాను. అది మీ దాంట్లో లేవదండీ అన్నాది. ముక్కకి అంటించిన సీటీ మీద ఏదో ఇంగ్లీషు అచ్చరం ఒకటి ఎక్కువుందని సూపించింది. నాకు తెలుగు అచ్చరమే కనపడదు, ఇంగ్లీషుదేటి కనపడతాది? మొగమాటానికి, మా అబ్బాయినడిగి వత్తానమ్మా అని లాప్‌టాప్ సంచీలో ఏసుకుని లేసిపోయేను.

రమణని అడగలేదు. బస్టాండు ఎనకాల పాత సామాన్ల షాపుకెల్లేను. నాకు ర్యామ్ కావాల, లో వోల్టేజీది నాకొద్దు, దిట్టమైంది ఇయ్యి అన్నాను. ఏ లాప్‌టాప్ అనడిగేడు. నల్లది అన్నాను. పాపం ఆడిదేం తప్పులేదు. లాప్‌టాప్ సూపించమన్నాడు కూడా. నాను సంచీ ఇప్పలేదు. అడిగింది ఇచ్చేడు.

ఇంటికొచ్చి తలుపేసుకుని, స్టార్టరు ఇప్పే స్క్రూడ్రైవరుతోనే మూత తీసేను. ఏటవాలుగా గుచ్చి కిందకి నొక్కేను. టక్కుమన్నాది. ఎంత బాగా కూకుందంటే, సూత్తన్నారా, సదువుకోనోడే సేసేడు అని గోడ మీద రత్నంతో అన్నాను. రత్నం అదే సూపు.

బొత్తాం నొక్కేను. ఏటీ లేదు. ముందు కీక్ అనేది. ఇప్పుడు ఆ కీకు కూడా లేదు. నిశ్శబ్దం.

ఇక్కడే నా బుర్ర పనిసేసింది. పనిసెయ్యకుండా ఉంటే బాగున్ను. ఇది ఫుల్ వోల్టేజీ ముక్క. అంటే ఫుల్ వోల్టేజీ కావాల. మజ్జానం మా వీదిలో ఫేనే నీరసంగా తిరుగుతాది. మరి ఇదెలాగ లేత్తాది? స్టెబిలైజరెట్టాల. ఇంట్లో స్టెబిలైజరు ఎక్కడుంది? ఫ్రిజ్జు కాడ.

ఫ్రిజ్జు తీగ పీకేను. స్టెబిలైజరు తెచ్చి మంచం పక్కనెట్టి, లాప్‌టాప్ తీగ దానికి గుచ్చేను. ముల్లు గిర్రున తిరిగి రెండొందల ముప్పై మీద నిలబడింది. ఆ ముల్లు సూత్తే ఎంత సంతోషమో. లాప్‌టాప్ మాత్రం లేవలేదు. కొంచెంసేపు తాగనీలే, ఎండిన మడి తడవడానికి టైము పట్టదేటి అనుకుని అలాగే ఒదిలీసి పడుకున్నాను.

అయిదింటికి సుజాత స్కూలు నించొచ్చింది. మా కోడలు టీచరు. వంటింట్లోకెల్లి, మావయ్యా అని ఒక్క కేకేసింది. పొద్దున్నే వారానికి సరిపడా పిండి రుబ్బి ఫ్రిజ్జులో ఎట్టుకుందంట. అది పొంగి, మూత తోసీసి, అరల్లోంచి కారి, ఫ్రిజ్జు తలుపు తెరుసుకుని వంటింట్లోకి నడిసొత్తన్నాది. సుజాత ఫ్రిజ్జు ఎనకాల సూసింది. స్టెబిలైజరు లేదు. నా గదిలోకొచ్చింది. ముల్లు రెండొందల ముప్పై, పక్కన సచ్చిన లాప్‌టాప్, దాని పక్కన నాను. ఆ అమ్మాయి నన్ను ఎప్పుడూ ఒక్క మాటనదు. అప్పుడూ అన్లేదు. తలుపు పట్టుకుని కిందకి జారిపోయి నవ్వింది. అందుకే మా ఇంట్లో మూడు పూటలా దోసెలు.

అక్కడితో ఆగేనా? నిన్న పొద్దున్న, ఫ్రిజ్జుకి సుట్టాలింట్లోంచి సిన్న స్టెబిలైజరు తెచ్చి పెట్టించి, మాది బుజానెట్టుకుని ఆటో ఎక్కేను. మణి షాపులో కరెంటు బాగోకపోతే ఎలాగ మరి? ఆటోవోడు అడిగేడు, తాతా ఫ్రిజ్జు రిపేరా అని. కాదురా, లాప్‌టాప్‌కి అన్నాను. ఆడు అద్దంలోంచి నన్నే సూత్తా తోలేడు, రెండుసార్లు గుంటలో ఏసేడు.

మణి బల్ల మీద స్టెబిలైజరు దించేసరికి బల్ల ఊగింది. ఇదెందుకు పెదనాన్నా అన్నాది. ముందు లాప్‌టాప్ సూడమ్మా అన్నాను. మూత తీసి, లోపలి ముక్క సూసి, కళ్ళద్దాలు పైకి తోసుకుంది.

"ఇదెవరు పెట్టేరు?"

"ఎవడో తెలివితక్కువోడమ్మా," అన్నాను.

మణి నవ్వలేదు. అదే నాకు సచ్చినంత పనయ్యింది. నవ్వుంటే బాగున్ను. డ్రాయరులోంచి టార్చిలైటు సెల్లొకటి తీసి బల్ల మీద నిలబెట్టి నిదానంగా సెప్పింది. గోడలోంచి ఎంత కరెంటొచ్చినా సరే, ఆ ఛార్జరు తగ్గిత్తాదంట. లోపలి బోర్డు ఇంకా తగ్గిత్తాదంట. నాను కొన్న దిట్టమైన ముక్క లేవాలంటే ఈ సెల్లంత, అంటే ఒకటిన్నర వోల్టులు కావాలంట. మా లాప్‌టాప్ బోర్డు అంత కూడా ఇయ్యదంట, దానికన్నా రవ్వంత తక్కువే ఇత్తాదంట. తక్కువిత్తే నా ముక్క లేవదు. కాలనూ లేదు, పాడవనూ లేదు, లేవలేదంతే.

"లో వోల్టేజీ అంటే నాసిరకం కాదు పెదనాన్నా. తక్కువ ఇచ్చినా పని చేసేది. పాత లాప్‌టాప్‌లు ఎక్కువిస్తాయి, వాటిల్లో పెట్టినా తట్టుకుంటుంది. మీరు తెచ్చిందే, ఎక్కువ ఇస్తే గాని లేవదు."

నాను ఆ రెండు ముక్కలూ సూత్తా కూకున్నాను బావా. ఒకటేమో తక్కువిచ్చినా పనిసేత్తాది, ఎక్కువిచ్చినా ఓర్సుకుంటాది. మా రత్నం కుండలో అడుగున మిగిలింది తిని సెరుకు గడ్డి మోసేది. పెళ్ళిళ్ళకెల్తే అందరితోపాటు కూకుని నాలుగు లడ్డూలూ తినేది. రెండోది నాను. పొద్దున్న గ్లాసు పొగలు కక్కుతుంటే గాని మంచం దిగను. టీ కొంచెం సల్లారితే కోడిపిల్లలాగ కీక్ కీక్‌మంటాను. ఏడాది నించి ఆ కీకు కూడా లేదనుకోండి.

సరే. మణి నా ముక్క పీకి, మొన్న నాను గోరుతో గీకిన ముక్కే ఎట్టింది. బొత్తాం నొక్కింది. గోరుగీత పడిన ముక్క, ఏటవుతాదోనని నాను స్టెబిలైజరు పట్టుకుని నిలబడ్డాను. తెర ఎలిగింది. ఏ అరుపూ లేదు. గోడ తీగ కూడా తగిలించలేదురా, బ్యాటరీ మీదే ఎలిగింది.

అప్పుడు నోరిప్పేను. అమ్మా, స్కూలు పని కాదు, ఇందులో మీ పెద్దమ్మ ఫొటో ఉన్నాది, నవ్వుతున్నది, శుక్రారానికి కావాల అన్నాను. మణి స్క్రూడ్రైవరు బల్ల మీద ఎట్టీసింది.

"ఫొటో కోసమా? ఫొటోలు ఈ ముక్కలో ఉండవు పెదనాన్నా, వేరే డిస్కులో ఉంటాయి. మొన్నే చెప్పుంటే ఆ డిస్కు తీసి నా కంప్యూటరుకి తగిలించి అయిదు నిమిషాల్లో ఇచ్చేసేదాన్ని కదా."

అంటే ర్యామ్ అక్కర్లేదు. పాత సామాన్ల షాపు అక్కర్లేదు. స్టెబిలైజరు అక్కర్లేదు. దోసెలు అక్కర్లేదు. పెళ్ళాం ఫొటో కావాలని నలుగురిలో సెప్పడానికి సిగ్గుపడ్డందుకు రెండ్రోజులు ఫ్రిజ్జు స్టెబిలైజరు మోసేను.

ఫొటో ఎతికి తీసింది. కాలేజీ పిల్లలు కూడా తొంగి సూసేరు. బావి గట్టు మీద రత్నం. ఒక సెయ్యి పొట్ట మీద, రెండో సెయ్యి నోటికి అడ్డమెట్టుకుందామని పైకి లేపింది గానీ నవ్వు ముందొచ్చీసింది. పళ్ళన్నీ కనిపిత్తన్నాయి. పక్క పొలానికి ఇనపడే నవ్వే. షాపులో ఒక పిల్ల ఆ ఫొటో సూసి తనూ నవ్వీసింది, ఎందుకో దానికే తెలీదు.

మణి దగ్గరగా వంగి సూసి, పెదనాన్నా, ఈ పక్కన మసిమొగంతో ఉన్నాయనెవరు అనడిగింది. కుడిపక్కన ఒకడున్నాడులే. మొగం నల్లగా కాలిన కుండలాగుంది. మీసం ఒక పక్క మాడిపోనాది. సేతిలో తెగిన తీగ. ఎనకాల మోటారు పొగ.

"మోటారు మెకానిక్కమ్మా," అన్నాను.

మణి ఫొటో సూసింది, నన్ను సూసింది, మళ్ళీ ఫొటో సూసింది. ఆయన్ని కత్తిరించీమంటారా, పెద్దమ్మ ఒక్కరే వత్తారు అన్నాది. ఊఁ అందామనుకున్నాను. నోట్లోంచి వేరే మాటొచ్చింది.

"వద్దమ్మా. ఆణ్ణి తీసీసేవంటే, అదెందుకు నవ్వుతందో ఎవలికీ తెలీదు."

ఇంటికి తెచ్చి ఫ్రేము కట్టించేసరికి సుజాతకి ఇంకో గాబరా. మావయ్యా, దీనికి దండెలా ఏత్తాం, మీరు బతికున్నారు కదా అన్నాది. ఆ మసిలో నన్ను యముడు కూడా గుర్తుపట్టడమ్మా, ఏసీయ్ అన్నాను. ఒప్పుకుంటేనా? రమణ డ్యూటీ నించొచ్చి, పైనొకటి కిందొకటి మేకులు కొట్టి, దండ రత్నం ఉన్న పక్కకే తిరిగేలాగ కట్టి సూసేడు. నా పక్క ఖాళీ. ఆ ఖాళీ బాగానే ఉన్నాది, నాకేటి తొందర్లేదు.

ఇయ్యాల మజ్జానం దాని కింద కూకుని ఆరు దోసెలు తిన్నాను. ఏడోది అడిగేను. టీ సల్లారిపోయింది మావయ్యా, మళ్ళీ కాసి ఇత్తానని సుజాత అంటే, పర్లేదమ్మా ఇలగే ఇయ్యి అన్నాను. ఆ అమ్మాయి గాబరాపడి నా నుదురు ముట్టుకుని సూసింది, జరమేమోనని.

శుక్రారం అందరూ రండి. మీ ఆడోళ్ళు ఆ ఫొటో సూసి, రత్నం పక్కన ఆ మసిమొగమోడెవడని అడుగుతారు. మోటారు మెకానిక్కని సెప్పండి. ఎలాగా నమ్మరులే. నాను మోటారు మాడ్సిన సంగతి రత్నం ఆరోజు సాయంత్రానికే అందరికీ సెప్పీసింది.